చివర వచ్చినవాళ్ళు ఆర్పే లైటు

పొద్దుగూకగానే పెరటి లైటు వెయ్యడం ఆ ఇంట్లో తల్లి పని. ఆర్పడం మాత్రం ఆమె పని కాదు. అందరికంటే చివర ఇంటికి వచ్చినవాళ్ళు పెరటి గేటుకు గొళ్ళెం పెట్టాలి, లోపలికి వచ్చి లైటు ఆర్పాలి. అదీ ఆ ఇంటి చట్టం. ఎవరు పెట్టారో గుర్తులేదు గాని ఇంటిల్లిపాదీ దానికి కట్టుబడ్డారు. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే తండ్రికి డ్యూటీ ఆలస్యమైన రోజున ఆయన ఆర్పేవాడు. కూతురు దగ్గుమందు సీసాలకు లేబుళ్ళంటించే కంపెనీలో సాయంత్రం షిఫ్టుకు చేరాక ఆ పని పూర్తిగా ఆమె వాటాకొచ్చింది.

ఆ పిల్ల ముద్దుపేరు గలగల. ఇంట్లో అదే, వీధిలో అదే, కంపెనీలో చేరిన వారం తిరక్కుండా అక్కడా అదే అయింది. నోరు తెరిస్తే మూత పడేది కాదు. షిఫ్టు వ్యాను సందు మొదట్లో దింపితే అక్కడినుంచే మాటలు వినిపించేవి. వ్యానులోవాళ్ళతో కొన్ని, దారిలో కుక్కతో కొన్ని, మిగిలినవి పెరటి గేటు తీస్తూ తల్లితో.

"అమ్మా, పడుకున్నావా? పడుకుంటే చెప్పు, లేపను."

"పడుకున్నానే," అనేది తల్లి మంచం మీదనుంచే.

"సరే, అయితే రేపు చెప్తాలే," అని అప్పుడే మొదలుపెట్టేది.

గొళ్ళెం కిర్రుమనేది. స్విచ్చి ఠక్కుమనేది. ఆ ఠక్కు చెవిన పడితేనే తల్లికి కన్ను మూతపడేది. అంతకుముందు ఎంతసేపు పడుకున్నా అది నడుం వాల్చడమే, నిద్ర కాదు.

చలికాలం మొదట్లో ఒక రాత్రి ఆ వ్యాను కాలవ వంతెన దగ్గర లారీని గుద్దుకుంది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. గలగల బయటపడలేదు.

ఆ తర్వాత కూడా పొద్దుగూకగానే లైటు పడుతూనే ఉంది. ఆర్పేవాళ్ళే లేరు. తెల్లవార్లూ వెలిగి, సూర్యుడొచ్చాక కూడా వెలుగుతూ, ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలాగా పాలిపోయేది. తండ్రి తెల్లారుతూనే పెరట్లో మొహం కడుక్కునేవాడు. గుమ్మంలోంచి లోపలికొచ్చేటప్పుడు స్విచ్చి ఆయన మోచేతికి తగిలేంత దగ్గర. అయినా ముట్టుకునేవాడు కాదు. బాగా ఎండెక్కాక, పొయ్యి మీదనుంచి గిన్నె దించే ఊపులో, ఏదో పనిలో పనిగా అన్నట్టు తల్లి దాన్ని నొక్కేసేది. పగటిపూట నొక్కడం ఆర్పడం కింద లెక్క కాదు. గేటు గొళ్ళెం సంగతీ అంతే. పెట్టినవాళ్ళు లేరు.

దీని గురించి మొగుడూ పెళ్ళాం ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. మాట్లాడ్డానికేముంది? లైటు ఆర్పితే అందరూ ఇంటికి వచ్చేసినట్టు. ఆ మాట అనగలిగే చెయ్యి ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

వీధిలో ఆమెను అందరూ గలగల వాళ్ళమ్మా అనే పిలిచేవాళ్ళు. ఇప్పుడు ఏమని పిలవాలో తెలియక వీధి నోరు తడబడింది. కూరగాయలబ్బాయి "అమ్మగారూ" అని మర్యాద మొదలుపెట్టాడు. పాలాయన గంట కొట్టి ఊరుకున్నాడు. ఆ మర్యాదలు, ఆ ఊరుకోవడాలు ఆమెకు పుండు మీద కారంలా ఉండేవి. పిలుపు మార్చనిది పక్కింటి టైలరమ్మ ఒక్కతే. ఆవిడ మొదటినుంచీ "వదినా" అనే అంటుంది. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. గోడ పక్కనే ఆవిడ మిషను.

"వదినా, నీ లైటు రోజూ వచ్చి నా మంచం మీద పడుకుంటోంది. మా ఆయనకి చోటు చాలట్లేదు."

"కర్టెను వేసుకో వదినా."

"ఊరందరికీ కర్టెన్లు కుట్టేదాన్ని, నా కిటికీకి కుట్టుకునే తీరికెక్కడిది? దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. తెల్లార్లూ దీపం పెట్టుక్కూచోమన్లేదు. పైగా నీ దీపప్పురుగులు! అవొచ్చి కస్టమర్ల పట్టుబట్టలు కొట్టేస్తే నేనెవరికి సమాధానం చెప్పను?"

అని, తన మాటే తనకు ఎక్కడో గుచ్చుకున్నట్టై, "సరేలే, ఉండనీ. నా నిద్రొక లెక్కా," అని మిషను తొక్కుకునేది. టైలరమ్మ నోరు కత్తెరే గాని మనసు మెత్తన.

పురుగుల మాట నిజమే. రోజూ పొద్దున్నే లైటు కింద చీపురు పట్టేసరికి చచ్చినవి, చావబోయేవి, ఉత్త రెక్కలు చారెడు పోగయ్యేవి. రాత్రి పురుగులకు తెల్లారితే ఆయుష్షు తీరుతుంది కాబోలు అనుకుని ఆమె ఎత్తి చెత్తబుట్టలో పోసేది. అంతకుమించి వాటిని చూసింది లేదు. ఆ రోజుల్లో ఆమె దేన్నీ చూసింది లేదు. అన్నం వండేది, వండిన సంగతి మర్చిపోయేది. తల దువ్వుకుని, దువ్వెన చేత్తోనే పట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగేది.

ఒక పొద్దున బట్టలుతికే బండ పక్కన గోడకు ఎండుటాకు ఒకటి అంటుకుని ఉంది. చీపురు కొసతో తోసింది. ఆకు రాలలేదు. రెండుగా విచ్చుకుంది. పైన ఎండుటాకే, ఈనెలతో సహా. కింద మాత్రం నిప్పులాంటి పసుపు, దాని మీద కాటుకతో దిద్దినట్టు నల్లటి వంపు. ఒక్క క్షణం అలా చూపించి మళ్ళీ ఆకైపోయింది.

"ఒసే, ఇటు రావే, ఇది చూడు," అంది ఆమె.

అనేశాక, ఎవరిని పిలిచిందో తెలిసింది.  చీపురుతో సహా అక్కడే గొంతుక్కూర్చుంది. లోపల పాలు పొంగి పొయ్యి మీద పడి కమురు వాసన వచ్చినా లేవలేదు. ఆ ఎండుటాకు కేసి చూస్తూనే ఉంది. చూస్తున్నంతసేపు ఏడుపు రాలేదు. అది ఆమెకు వింతగా తోచింది.

మేడ మీద అద్దెకుండే సైన్సు టీచరు బకెట్టు పట్టుకుని మెట్లు దిగుతూ ఆమెను చూసింది.

"అక్కా! ఏమైంది, కళ్ళు తిరిగాయా?"

"లేదమ్మా. ఆకు కదిలింది."

టీచరు బకెట్టు దించి తనూ పక్కన కూర్చుంది. చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది. "ఆకు కాదక్కా, మాత్ ఇది. రెక్కలపురుగు. పగటికి సీతాకోకచిలుకలు, రాత్రికి ఇవి. అబ్బ, ఎంత బావుందో చూడండి!"

"ఇవి బట్టలు కొట్టే పురుగులు కదూ?"

"బట్టలు కొట్టేవి ఏవో రెండు మూడు రకాలక్కా. ఇంటికో దొంగ ఉన్నాడని ఊరంతా దొంగలంటామా?"

"ఆ మాట గోడకవతల చెప్పు," అంది ఆమె. చాలా రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన వేళాకోళం అది. గోడకవతలినుంచి, "వినపడింది!" అని మిషను ఆపకుండానే జవాబొచ్చింది.

టీచరుకు ఈ పిచ్చి పట్టి ఎంతోకాలం కాలేదట. బళ్ళో తోటివాళ్ళు పురుగుల పంతులమ్మ అంటారట. "మొగుడు ఫోన్లో క్రికెట్ చూసుకుంటాడు, నేను గోడలు చూసుకుంటాను. ఎవరి పిచ్చి వాళ్ళకానందం," అంది. మేడ మీద చెట్టూ చేమా లేవు, లైటు కూడా వీధివైపే, అందుకని అక్కడ ఏవీ రావట. "మీ పెరట్లో నిమ్మచెట్టుంది, పాదులున్నాయి, పైగా లైటు. తెల్ల దుప్పటి ఒకటి ఇవ్వండక్కా, చూపిస్తాను."

ఆ సాయంత్రమే మొదలైంది. బట్టల తీగ మీద తెల్ల దుప్పటి వేసి, గాలికి ఎగరకుండా కింద రెండు ఇటుకలు పెట్టి, లైటు దాని మీద పడేలా వైరు లాగి కట్టారు. ముందు ఉల్లిపొరలాంటి చిన్నచిన్నవి వచ్చాయి. తర్వాత బూడిదరంగువి. టీచరు చెప్పిన పద్ధతులు మూడే. రెక్కలు ముట్టుకోకూడదు, వాటి మీది పొడి రాలిపోతుంది. కాళ్ళ కింద చూసుకుని నడవాలి. లేచి వెళ్ళేటప్పుడు లైటు ఆర్పెయ్యాలి.

"ఆర్పుతాలే," అంది ఆమె.

టీచరు మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆమె దుప్పటి తీసి మడతపెట్టింది. లైటు జోలికి పోలేదు.

ఆ తర్వాత వాన లేని ప్రతి సాయంత్రం దుప్పటి కట్టడం అలవాటైంది. టీచరు దగ్గర బొమ్మల పుస్తకముంది గాని అందులో పేర్లన్నీ ఇంగ్లీషువి, నోరు తిరగనివి. ఆమె తన పేర్లు తనే పెట్టుకుంది. రెక్కలు బారజాపి నిలువుగా నిలబడేది మేకు. నలుపూ తెలుపూ గళ్ళున్నది పొయ్యిగుడ్డ. ముట్టుకోకముందే పడిపోయి చచ్చినట్టు నటించేది దొంగేడుపు. ఒళ్ళంతా నూగుతో బొద్దుగా ఉండి దుప్పటికి ఢీకొట్టి ఢీకొట్టి చివరికి ఆమె ఒళ్ళో పడేదానికి ఏ పేరూ పెట్టలేదు. దాన్ని చూస్తే చిన్నప్పుడు నిద్రమత్తులో గుమ్మాలకు గుద్దుకుంటూ వచ్చే పిల్ల గుర్తొచ్చేది.

తండ్రి మొదట్లో వంటింటి గుమ్మంలోనే నిలబడేవాడు. ఒకరోజు చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"ఇది అచ్చం అరిగిపోయిన బ్రేకు లైనింగులా ఉందే."

"మీకన్నీ బస్సుల్లాగే కనపడతాయి," అంది ఆమె.

"మరి? ముప్పై ఏళ్ళు చూసింది అదే కదా."

ఆ పురుగుకు బ్రేకు లైనింగనే పేరు ఖాయమైంది. టీచరుతో సహా ముగ్గురూ కొంచెం నవ్వారు. నవ్వు ఆగాక ఇల్లు ముందుకంటే ఖాళీగా వినిపించింది. ఆయన చెయ్యి కడుక్కునే వంకతో లోపలికి పోయాడు.

"పోనీలే, వదిన మనసు మళ్ళింది," అని టైలరమ్మ వీధంతా చెప్పింది. ఇప్పుడు లైటు ఎందుకని ఎవరూ అడగలేదు. "పురుగుల కోసమట" అని వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నారు. ఆమెకు కావలసిన సాకు దొరికింది. దొంగకు చీకటి దొరికినట్టు ఆమెకు వెలుతురు దొరికింది.

మనసు మళ్ళిందన్నది మాత్రం అబద్ధం. దుప్పటి ముందు కూర్చున్నంతసేపూ కళ్ళు మేకు మీద, పొయ్యిగుడ్డ మీద ఉండేవి. చెవులు గేటు మీద ఉండేవి. గాలికి గేటు కదిలితే చేతిలోది జారిపోయేది. ఒక్కొక్క పురుగు చీకట్లోంచి ఊడిపడుతుంటే, ఇంత చిన్న ప్రాణాలకి ఇంత చీకట్లో ఈ ఇంటి దారి దొరికింది గదా అనుకునేది. అనుకుని, ఆ మాటను లోపలే నొక్కేసుకునేది. పిచ్చిదంటారని కాదు. పిచ్చి అయితే బాగుండునని.

పొద్దున్నే టీచరు దిగకముందే స్విచ్చి నొక్కి, లైటు కింద ఊడ్చేసేది. మేడ మీది కిటికీలు వీధివైపు కాబట్టి రాత్రంతా లైటు వెలుగుతున్న సంగతి టీచరుకు తెలియదు. ఊడ్చేటప్పుడు ఒక తేడా మాత్రం కనిపెట్టింది. మునుపు చచ్చిన పురుగులుండేవి. ఇప్పుడు చాలామటుకు ఉత్త రెక్కలే. బట్టల తీగ మీద పిట్టలు తెల్లవారకముందే వరసగా చేరి, బంతి భోజనాలకు కూర్చున్నట్టు కూర్చుంటున్నాయి. లైటు వెనకాల బల్లి కాంట్రాక్టరులా కడుపు పెంచింది. ఆమె చూసింది. చూసి కూడా కలిపి ఆలోచించలేదు. ఆలోచిస్తే ఎక్కడికి పోవాల్సి వస్తుందో లోపల్లోపల తెలుసేమో.

వానలు వెలిసిన ఒక సాయంత్రం దుప్పటి ఇంకా సరిగ్గా కట్టనేలేదు, ఏదో గబ్బిలంలాంటిది నీడ పరుచుకుంటూ వచ్చి దుప్పటి మీద వాలింది. ఆమె రెండు అరచేతులూ పక్కపక్కన పెడితే ఎంతో అంత ఉంది. ఇటుకపొడి రంగు. ప్రతి రెక్క మధ్యలో అద్దం బిళ్ళ పొదిగినట్టు ఒక కిటికీ. ఆ కిటికీలోంచి దుప్పటి నేత కనపడుతోంది.

టీచరు దుప్పటి దగ్గరికి వంగింది. "అక్కా," అంది. మళ్ళీ "అక్కా," అంది. "పుస్తకంలో చూడ్డమే. మన పెరట్లోకా!" ఫోనుతో ఫొటోలు తీసింది. తొందరలో ఒక్కటీ సరిగా రాలేదు. తండ్రి లోపలినుంచి వచ్చి చూసి బస్సు పేరేదీ చెప్పలేకపోయాడు. గోడ మీదనుంచి టైలరమ్మ తొంగిచూసి, "ఓరి నాయనో, ఇది బట్టలు కొడితే బీరువాతో సహా పోతుంది," అంది.

"ఇది ఏమీ తినదు పిన్నీ. దీనికి నోరే ఉండదు," అంది టీచరు.

"నోరుండదా?" అంది తల్లి.

"ఉండదక్కా. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్నదే తిండి. రెక్కలొచ్చాక ఇక తినడం లేదు, తాగడం లేదు. నాలుగు రోజులు బతుకుతుందేమో. పొట్ట చూడండి, ఆడది. నిండా గుడ్లున్నాయి. తనకు పట్టిన చెట్టు వెతుక్కుని, ఆకుల మీద గుడ్లు పెట్టాలి. అంతే దీని పని. ఆ నాలుగు రోజులూ అందుకే."

తల్లి ఆ పొట్ట కేసి చూసింది. రెక్కలు సన్నగా వణుకుతున్నాయి, చలికి కాదు.

"మరి చెట్టుకి పోకుండా ఇక్కడికెందుకొచ్చింది?"

"లైటు లాగేస్తుందక్కా. వాటికి దారి తప్పిపోతుంది. లైటున్నంతసేపు ఇక్కడే తిరుగుతాయి, కొట్టుకుంటాయి, అలిసిపోయి గోడకంటుకుంటాయి. తెల్లారితే పిట్టలు తినేస్తాయి. అందుకే కదా లేచేటప్పుడు ఆర్పెయ్యాలనేది." టీచరు లేచి చీర దులుపుకుంది. "ఇవాళ ఇక చాలు. తొందరగా ఆర్పెయ్యండక్కా. మర్చిపోకండేం? చీకటి పడితే దాని దారిన అది పోతుంది."

"ఆర్పుతాలే," అంది ఆమె.

టీచరు మెట్లెక్కింది. టైలరమ్మ తల గోడ వెనక దిగిపోయింది. తండ్రి లోపలికెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. ఆమె గుమ్మంలోపల స్విచ్చి దగ్గర నిలబడింది. దాని మీద వేలు పెట్టింది. వేసి వేసి ఒక మూల నునుపుదేరిన స్విచ్చి. రెండో మూల నునుపు చేసింది ఆమె వేలు కాదు, చివర వచ్చేవాళ్ళది. ఆ నునుపు వేలికి తగిలింది.

ఎంతసేపు నిలబడిందో. దుప్పటి మీది పురుగు లేచి, లైటు చుట్టూ తిరిగి, గోడకు కొట్టుకుని, మళ్ళీ దుప్పటి మీద పడింది. మెత్తటి చప్పుడు, తడిబట్ట జారిపడ్డట్టు. మళ్ళీ లేచింది. ఆమె వేలు నొక్కాలనే అనుకుంది. అనుకుంటూనే ఉంది. ఇవాళ ఆర్పితే, ఇవాళే వస్తే? ఆ ఆలోచన ఎంత తెలివితక్కువదో ఆమెకు తెలుసు. ఆస్పత్రిలో ఆ పిల్ల కాళ్ళు తన చేత్తో సర్దింది తనే. అయినా వేలు దిగలేదు. చివరికి వేలు తీసేసి వచ్చి పడుకుంది. పక్కన ఆయన నిద్రపోలేదు. ఠక్కు కోసం ఆయనా వింటున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

తెల్లారేసరికి దుప్పటి ఖాళీగా ఉంది. తీగ మీద పిట్టలు వాటి పాటికవి రెక్కలు దువ్వుకుంటున్నాయి. లైటు కింద, బట్టలుతికే బండ మీద, నాలుగు రెక్కలున్నాయి. మధ్యలో ఏమీ లేదు. ఎవరో విడిచి మడతపెట్టి వెళ్ళిపోయిన బట్టల్లా ఉన్నాయవి. రెండింటి అంచులు చింపిరై ఉన్నాయి, రాత్రంతా గోడకు కొట్టుకుని. ఒక కిటికీలోంచి బండ మీది సబ్బు మరక కనపడింది.

ఆ పొద్దున ఆమె ఊడవలేదు. రెక్కలు ఒక గిన్నెమూతలో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. టీచరు బకెట్టుతో దిగి, లైటు చూసింది. అది ఇంకా వెలుగుతూనే ఉంది. తర్వాత మూత చూసింది.

"రాత్రి ఆర్పలేదా అక్కా?"

"ఏ రోజూ ఆర్పలేదమ్మా."

టీచరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పక్కన కూర్చుని, "ఎందుకక్కా?" అని మాత్రం అడిగింది.

"మా ఇంట్లో చివర వచ్చినవాళ్ళు ఆర్పాలి."

అంతకంటే చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. టీచరు మొహం మెల్లగా మారింది. ఆమె చెయ్యి పట్టుకోబోయి, ఆ చేతిలో మూత ఉందని ఆగిపోయింది. తల్లే మళ్ళీ అంది:

"దీనికి నోరు లేదు కదూ. అరవడానిక్కూడా లేదు పాపం. నేను లోపల పడుకుని వింటూనే ఉన్నా, గోడకి కొట్టుకోవడం. అరిచుంటే లేచేదాన్నేమో. లేచేదాన్ని కాదేమో." కొంచెం ఆగి, "దాని పిల్లలకి చెట్టు దొరకనివ్వలేదు చూడు నేను. నా పిల్ల కోసమని," అంది.

పంపు దగ్గర సబ్బు మొహంతో నిలబడ్డ తండ్రి ఆ మాటలన్నీ విన్నాడు. నీళ్ళు పోసుకోవడం మర్చిపోయాడు. సబ్బు కళ్ళలోకి కారింది. అది సబ్బు వల్లే అన్నట్టు గట్టిగా తుడుచుకుని డిపోకు వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా ఆమె ఏ పనీ ఆపలేదు. వంట చేసింది, బట్టలుతికింది, తెల్ల దుప్పటి కూడా ఉతికి ఆరేసి బీరువాలో పెట్టేసింది. రెక్కలు నిమ్మచెట్టు మొదట్లో పెట్టి మట్టి కప్పింది. ఏడవలేదు. ఇన్నాళ్ళూ ఆ ఏడుపును ఏదో ఒకటి పట్టుకుని ఆపింది, దారాన్ని ముడి ఆపినట్టు. ఆ ముడి ఎదురుచూపేనని ఇప్పుడు తెలిసింది. ఊడిపోయాక ఏం మిగులుతుందో కూడా తెలిసింది. ఏమీ మిగలదు.

పొద్దుగూకింది. ఇంటింటా లైట్లు పడ్డాయి. ఆమె వంటింటి లైటు కూడా వెయ్యకుండా పెరటి మెట్టు మీద కూర్చుంది.

"వదినా, ఇవాళ లైటెయ్యలేదేం? పురుగులకి సెలవా?" అంది టైలరమ్మ గోడకవతలినుంచి.

 మిషను ఆగింది. గోడ మీద టైలరమ్మ తల లేచింది, చీకట్లో కూర్చున్న మనిషిని చూసింది.  తల దిగిపోయింది. ఆ సాయంత్రం మళ్ళీ మిషను మోగలేదు.

చీకటి చిక్కబడింది. నిమ్మచెట్టు చెట్టులా కాకుండా ఒక ముద్దలా అయింది. ఆ ముద్దలో ఎక్కడో రెక్కలు కదిలిన చప్పుడు. కనపడలేదు. కనపడనక్కర్లేదు కూడా. అవి వాటి దారిన పోతున్నాయి, ఈ ఇంటితో వాటికి పని లేదు. ఇక ఈ పెరట్లోకి చీకట్లోంచి ఎవరూ రారని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఇన్ని నెలల్లో ఆ మాట చెప్పుకోవడం అదే మొదలు. చెప్పుకున్నాక ఊపిరి తీసుకోవడం ఒక పనిలా, ఎవరో అప్పజెప్పిన పనిలా అనిపించింది.

అప్పుడు గేటు కిర్రుమంది.

ఆమె ఒక్క ఉదుటున లేచింది. "పడుకున్నానే" అన్న మాట గొంతుదాకా వచ్చేసింది. చీకట్లో గేటు దగ్గర ఎవరో ఉన్నారు.  అడుగులు ముందుకొచ్చాయి. బరువైన అడుగులు, డిపో బూట్లవి. గ్రీజు వాసన.

లైటు ఆర్పడం గలగల వాటాకొచ్చినప్పటినుంచీ ఆయన పెరటి గేటులోంచి రావడం మానేశాడు. సైకిలు వీధివైపు పెట్టి ముందు గుమ్మంలోంచి వస్తాడు. ఈ రోజు కూడా సైకిలు ముందే పెట్టి, సందు చుట్టూ నడిచి, కావాలని ఇటునుంచి వచ్చాడు. మెట్టు దగ్గర తడుముకుని, ఆమెను దాటి, గుమ్మంలోపలికి చెయ్యి చాపి గోడ మీద స్విచ్చి వెతికాడు. చెయ్యి అక్కడే ఆగింది.

"వెయ్యలేదా?"

"లేదు."

ఆయన చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

"నేను చివర వద్దామనుకున్నానే," అన్నాడు. "చివర వచ్చి నేనే ఆర్పేద్దామని. నీ చేత చేయించకూడదని. డిపో బయట ఊరికే కూచున్నా ఇంతసేపు."

ఆమె మెట్టు మీద మళ్ళీ కూర్చుంది. ఆయన వచ్చి మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. బూట్లు విప్పలేదు. ఆయన భుజం కదులుతోంది. చీకటి కాబట్టి ఆమె చూడనట్టే ఉంది, ఆయన దాచనట్టే ఉన్నాడు. అన్నం చల్లారిపోతోందని ఇద్దరికీ తెలుసు.

కొంతసేపటికి ఆయన ముక్కు తుడుచుకుని లేవబోయాడు.

"గొళ్ళెం పెట్టొస్తానుండు."

"వద్దు," అంది ఆమె.

"కుక్కలొస్తాయే."

"రానీ."

"అది కాదే..."

"లైటు వెయ్యలేదు కదా," అంది ఆమె. "అది చాలు ఇవాళ్టికి. గొళ్ళెం ఉండనీ."

ఆయన సగం లేచినవాడు సగంలోనే నిలబడి గేటు కేసి చూశాడు. ఏమీ కనపడలేదు. మళ్ళీ కూర్చున్నాడు.

గాలి వచ్చినప్పుడల్లా గేటు కొద్దిగా తెరుచుకుని, స్తంభానికి తగిలి, మళ్ళీ తెరుచుకుంటోంది. ఆ చప్పుడు ఎవరి చప్పుడూ కాదని తెలిసి తెలిసి ఆమె వింటూ కూర్చుంది.